పక్కింటి సోఫాతో ఫోటో

బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నాకు సీటొచ్చింది. లేనోళ్ల పిల్లలకు ఫీజు తగ్గిస్తామనీ, మా ఇల్లు ఎట్లుందో ఫోటో పంపమనీ రాసినారు.

"పెద్దోళ్లు చూసే ఫోటో పాపా, పరువుగా ఉండొద్దా?" అని అమ్మ పక్కింటి సోఫా తెప్పించింది. మా ఊళ్లో బ్రూస్‌పేటలో ఇస్త్రీ చేసే నాయనకు చర్చికేసుకునే చొక్కా తొడిగించి, తాను పెళ్లిచీర కట్టుకుంది. ఉన్నది ఉన్నట్టే చూపాలని నేనెంత అరిచినా వినలేదు. చివరికి విసిగి నేనే తీసి పంపినా.

మీకు సాయం అక్కర్లేదని జవాబొచ్చింది. మళ్లీ రాస్తే మళ్లీ అదే జవాబు. సీటు పోయింది. ఇప్పుడు నేనూ నాయన పక్కన ఇస్త్రీ చేస్తాండా.

ఫోటో మాత్రం భలే పడిందని అమ్మ ఫ్రేము కట్టించింది. ఇంటికొచ్చినోళ్లంతా సోఫా బాగుండాదంటారు. ఆ మాట మేము నేల మీద కూర్చొనే వింటాం.