నేలమీది మౌస్

శామీర్‌పేట దాటాక ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నేను పద్దెనిమిదేళ్లు సిస్టమ్స్ ఇన్‌చార్జిగా పనిచేశాను. ఈ సంగతి నా ఉద్యోగ విరమణకు ఎనిమిది నెలల ముందు, వేసవిలో ఒక ఆదివారం జరిగింది. ఆ రోజు మా కాలేజీ ఒక ప్రభుత్వ ఉద్యోగ పరీక్షకు కేంద్రం. కాగితాలమీద పరీక్ష కాదు, కంప్యూటర్ తెరమీద సరైన జవాబును నొక్కే పరీక్ష. నాకు పడింది టెక్నికల్ సూపర్‌వైజర్ డ్యూటీ. నాపైన సెంటర్ సూపరింటెండెంట్, మా సివిల్ విభాగం ప్రొఫెసర్ యాదగిరి గారు. పరీక్ష నడిపే ఏజెన్సీ తరఫున సర్వర్ దగ్గర ఫణి అనే ఇంజినీరు.

పరీక్ష రోజున ల్యాబ్ మా చేతిలో ఉండదు. ముందు రోజే ఏజెన్సీవాళ్లు ప్రతి కంప్యూటర్‌నూ తమ సాఫ్ట్‌వేర్‌తో బిగించేస్తారు. వాళ్లు నమోదు చేసుకున్న కీబోర్డు, మౌస్ తప్ప వేరే ఏది తగిలించినా పలకదు. తొమ్మిదింటికి లాగిన్ మొదలు, తొమ్మిదిన్నరకు మూత. ఒక్క నిమిషం దాటినా సర్వర్ హాల్ టికెట్ నంబరు తీసుకోదు. దాన్ని మళ్లీ తెరిచే అధికారం మా కేంద్రంలో ఎవరికీ ఉండదు.

ఏడో నంబరు కంప్యూటర్ రజితది. తూంకుంట దగ్గర ఊరు, పాతికేళ్లుంటాయి. చిన్నప్పుడు పొలంలో మోటారు కరెంటు కొట్టి రెండు చేతులూ మోచేతుల కింద పోయాయి. కుడికాలితో మౌస్ నడుపుతుంది. అందుకే కుర్చీ ముందు నేలమీద ఒక చెక్క పలక, దానిమీద వైర్‌లెస్ మౌస్. సొంత మౌస్ వాడుకోవడానికి అనుమతి పత్రం తెచ్చుకుంది. శనివారం సాయంత్రం తల్లితో వచ్చి అదే కంప్యూటర్‌మీద సరిచూసుకుంది కూడా. చక్కగా కదిలింది. ఫణి దాన్ని నమోదు చేశాడు, నేను రిజిస్టర్లో సంతకం పెట్టాను.

ఆదివారం తొమ్మిదీ మూడుకు ఇన్విజిలేటర్ చెయ్యెత్తింది. వెళ్లి చూస్తే రజిత కాలు మౌస్‌మీద కదులుతోంది, తెరమీద బాణం గుర్తు మాత్రం కదలడం లేదు.

"మేడం, ఒక్క మాట..." అంది రజిత.

"ఆగమ్మా, చూస్తున్నాను కదా," అన్నాను.

వైర్‌లెస్ మౌస్‌కు రెండు భాగాలుంటాయి. ఒకటి మౌస్. రెండోది కంప్యూటర్‌కు గుచ్చే గోరంత రిసీవర్. నేను ముందు రిసీవర్ మీద పడ్డాను. వెనక పోర్టులోంచి తీసి ముందు పోర్టులో పెట్టాను, మళ్లీ వెనక పెట్టాను. తర్వాత ఏసీ రిమోట్‌లోంచి బ్యాటరీ తీసి మౌస్‌లో వేశాను. కదల్లేదు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. మామూలుగా అయితే అది ఒక నిమిషం పని. పరీక్ష సాఫ్ట్‌వేర్ బిగించి ఉన్నందువల్ల ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాలూ నేను నిలబడలేకపోయాను. ఏడో నంబరు నుంచి తలుపు దాకా, తలుపు నుంచి ఏడో నంబరు దాకా తిరిగాను. చుట్టూ మిగతావాళ్లంతా లాగిన్ అయిపోయి చేతులు కట్టుకుని కూర్చున్నారు. జవహర్‌నగర్ చెత్తకుప్పల వైపు నుంచి గాలి తిరిగి వాసన వస్తోందని ఎవరో లేచి కిటికీ మూస్తే ఆ చప్పుడుకే ఉలిక్కిపడ్డాను.

తెర వెలిగింది. బాణం కదల్లేదు.

కాలేజీ మౌస్ తగిలించి చూశాను. దాని తీగ నేలదాకా రాలేదు. పొడిగింపు తీగ స్టోర్స్‌లో ఉంది. స్టోర్స్ తాళం సుచిత్ర సెంటర్ దగ్గర కాపురముండే స్టోర్‌కీపర్ దగ్గరుంది. ఆదివారం ఎంత జల్దీ వచ్చినా అరగంట.

అప్పటికి తొమ్మిదీ పదిహేను. యాదగిరి గారు వచ్చారు. "మేడం, గింత పరేషాన్ ఎందుకు? స్క్రైబ్‌ను కూసోబెడ్దాం. ఆమె చెప్తది, వాళ్లు వత్తుతరు. అయిపాయె," అన్నారు. స్క్రైబ్ అంటే అభ్యర్థి నోటితో చెబితే జవాబు నొక్కిపెట్టే మనిషి. అలాంటి అవసరం కోసం ఒకరిని సిద్ధంగా ఉంచడం రూలు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట వినగానే కాస్త ఊపిరాడింది.

రజిత ఒప్పుకోలేదు. "వద్దు సార్. పోయిన పరీక్షల గట్లనే కూసోబెట్టిన్రు. నేను బీ అంటే ఆమె డీ వత్తింది. అదేందంటే నాకు డీ అనే ఇనబడ్డది అన్నది. నా జవాబు నేనే వత్తుకుంట."

"మరి టైం అయిపోతె ఎట్లమ్మా? మమ్మల్ని అనొద్దు," అన్నారాయన.

నేను సర్వర్ గదికి పరుగెత్తాను. పోర్టు మూసుకుపోయి ఉంటుంది, తెరిపించాలి అన్నది నా నమ్మకం. ఫణి తన తెరమీద చూసి అన్నాడు: "పోర్టు తెరిచే ఉంది మేడం. ఏడో నంబరులో రిసీవర్ కూడా కనబడుతోంది. ఇటువైపు లోపమేమీ లేదు."

ఆ మాటతోనే నాకు అర్థం కావలసింది. కంప్యూటర్‌కు రిసీవర్ కనబడుతోందంటే కంప్యూటర్ వైపు లోపం లేనట్టే. తెగింది రిసీవర్‌కూ మౌస్‌కూ మధ్య. ఏళ్ల తరబడి కొత్తవాళ్లకు నేనే చెప్పే మొదటి పాఠం అది. కానీ నేను ఫణితో వాదించాను. ఇంకోసారి నమోదు చేయమన్నాను. చేశాడు. ఇంకో మూడు నిమిషాలు పోయాయి.

తిరిగి వచ్చేసరికి తొమ్మిదీ ఇరవై రెండు. రజిత ముఖం చెమటతో తడిసిపోయింది. తుడుచుకోవడానికి భుజం ఎత్తి చెంపను రుద్దుకుంటోంది. ఏం చేయాలో తోచక ఆమె పక్కన నేలమీద చతికిలబడ్డాను. అప్పుడే మొదటిసారి ఆమె కళ్లలోకి చూశాను.

"మేడం, ఇగనన్న ఇంటరా?" అంది.

"చెప్పమ్మా."

"గేటు కాడ చెకింగ్ జేసెటాయన దీన్ని బోర్ల తిప్పి, కింద గుండ్రటి బటన్ రెండుసార్లు వత్తిండు. ఏముంది దీంట్ల అని. అప్పటిదాంక పచ్చ లైటు ఉండె. ఆయన వత్తినంక నీలం లైటు వచ్చింది. వచ్చినకాడికెల్లి గదే చెప్దామని చూస్తున్న."

మౌస్ తిప్పి చూశాను. కొన్ని మౌస్‌లు రెండు దారుల్లో పనిచేస్తాయి. ఒకటి వెంట వచ్చే రిసీవర్‌తో, రెండోది బ్లూటూత్‌తో. ఏ దారి కావాలో అడుగున ఉన్న బటన్‌తో మార్చుకోవాలి. పచ్చ లైటు రిసీవర్‌కు, నీలం బ్లూటూత్‌కు. పరీక్ష కంప్యూటర్లలో బ్లూటూత్ ఉండదు. అంటే ఆ మౌస్ ఇరవై నిమిషాలుగా అక్కడ లేని యంత్రాన్ని పిలుస్తోంది.

బటన్ నొక్కి పట్టుకున్నాను. పచ్చ లైటు వెలిగింది. పలకమీద పెట్టగానే రజిత కాలు జరిపింది, బాణం జరిగింది. తెరమీది అంకెల మీదికి బాణాన్ని ఒక్కొక్కటిగా జరిపి, కాలి బొటనవేలితో మౌస్ నొక్కుతూ హాల్ టికెట్ నంబరు కొట్టింది. తొమ్మిదీ ఇరవై ఏడుకు సర్వర్ ఆమె నంబరు తీసుకుంది.

పరీక్ష అయ్యాక రిపోర్టు రాయడం నా పని. అందులో 'లోపానికి కారణం' అని ఒక గడి ఉంటుంది. యాదగిరి గారు నెమ్మదిగా అన్నారు: "అభ్యర్థి సొంత మౌస్‌ల లోపం అని రాసెయ్యుండ్రి మేడం. ఎవ్వరికీ నొప్పుండదు." గేటు దగ్గరి మనిషి రోజుకూలి మీద వచ్చినవాడు. నేనా, ఇంకొన్ని నెలల్లో దిగిపోయేదాన్ని. ఆయన చెప్పినట్టు రాస్తే ఇద్దరికీ సులువే. కానీ ఆ ఒక్క వాక్యం రజిత ఫైల్లోకి వెళ్తే తర్వాతి పరీక్షకు సొంత మౌస్ తెచ్చుకోనివ్వరు. మళ్లీ స్క్రైబే.

"నొప్పి ఆమెకుంటుంది సార్," అన్నాను.

నేను రాసింది ఇది: 'తనిఖీలో పరికరం సెట్టింగ్ మారింది. అభ్యర్థి ఆ విషయం చెప్పబోయినా టెక్నికల్ సూపర్‌వైజర్ వినలేదు. అందువల్ల పందొమ్మిది నిమిషాల ఆలస్యం. అభ్యర్థి పరికరంలో లోపం లేదు.' యాదగిరి గారు రెండుసార్లు చదివారు. "మీ పేరు మీరే రాసుకుంటున్రు," అన్నారు. అయినా సంతకం పెట్టారు. పది రోజులకు నాకు సంజాయిషీ మెమో వచ్చింది. జవాబు రాశాను. అంతటితో ఆగిపోయింది.

ఆ పరీక్షలో రజితకు ఉద్యోగం రాలేదు. కొన్ని మార్కుల తేడాతో పోయిందని ఆమే ఫోన్ చేసి చెప్పింది. తర్వాతి పరీక్షకు మేడ్చల్‌లో వేరే కేంద్రం పడింది. సొంత మౌస్‌కు అనుమతి ఇచ్చారు. దాని ఫలితం నాకు తెలియదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇంతే. ఏ యంత్రం ఆగిపోయినా దానిమీద చెయ్యి వేయకముందు రోజూ దాన్ని వాడే మనిషిని రెండు ప్రశ్నలు అడగండి. చివరిసారి ఎప్పుడు పనిచేసింది? ఆ తర్వాత ఎవరు ముట్టుకున్నారు? జవాబు పూర్తయ్యేదాకా మీరు మాట్లాడకండి.