కత్తెర మావయ్య మూగనోము

బ్యాంకు పక్క సందులో ఉన్న సెలూన్ ఆయన్ని పేటలో పిల్లలంతా కత్తెర మావయ్య అంటారు. ఆయన పనికి వంక పెట్టలేం గానీ, నోటికి మాత్రం దండం పెట్టాలి. మెడకు గుడ్డ చుట్టింది మొదలు జుట్టు దులిపేదాకా కబుర్లే. "ఈయన నోటికి తాళం వేసేవాళ్ళు ఇంకా పుట్టలేదు" అని భార్య తల పట్టుకుంటుంది.

పేట బడిలో హెడ్మిస్ట్రెస్ ఒక ఏర్పాటు చేసింది. ఆరు, ఏడు తరగతుల్లో వెనకబడ్డ పిల్లలకు ఒక్కొక్కరికి పేటలోని పెద్దవాళ్ళలో ఒకరు తోడు. పాఠం చెప్పక్కర్లేదు. వారానికో సాయంత్రం కూర్చుని మాట్లాడి, చదువు ఎలా సాగుతోందో కనిపెట్టుకుని ఉంటే చాలు. టైలరమ్మ ఒప్పుకుంది, మందుల షాపాయన ఒప్పుకున్నాడు. మాట్లాడటమే పని అని చెవిన పడ్డాక కత్తెర మావయ్య ఆగుతాడా? అందరికంటే ముందు ఆయనే చెయ్యెత్తాడు.

ఆయన వంతుకు ఏడో తరగతి పిల్ల వచ్చింది. అప్పటికే ఒకసారి తప్పి మళ్ళీ అదే తరగతిలో కూర్చుంది. రాత పరీక్షల్లో ఎలాగో గట్టెక్కుతుంది. టీచర్లు నిలబెట్టి అడిగితే మాత్రం నోరు పెగలదు. ఏడాది చివర ముగ్గురు టీచర్ల ముందు ఒక సైన్సు పాఠం వివరించాలి. చెప్పలేకపోతే మళ్ళీ ఏడే. అదే జరిగితే బడి మానేస్తానని తల్లితో తేల్చి చెప్పేసింది.

ఆ తల్లి ఆసుపత్రిలో వార్డులు శుభ్రం చేస్తుంది. పొద్దున వెళ్తే పొద్దుపోయాకే ఇల్లు. సెలూన్ గుమ్మం దాకా వచ్చి, "ఎలాగైనా దాన్ని గట్టున పడెయ్యండి అన్నయ్యా" అని ప్రాధేయపడింది.

"నాకు వదిలెయ్యమ్మా. నా దగ్గర రాళ్ళయినా మాట్లాడతాయి" అన్నాడు ఆయన ధీమాగా.

వాళ్ళు కలుసుకునేది లైబ్రరీ వెనక గదిలో. ఒక బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు. వారాలు గడిచిపోతున్నాయి గానీ పిల్ల బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేది. మావయ్య ఏమైనా తక్కువ తిన్నాడా? "పాఠం చదివావా? చదివే ఉంటావులే. గుండెకు గదులెన్ని? నాలుగు. అర్థమైందిగా? అయింది" అని బండి తోలుకుపోయేవాడు.

ఒకరోజు ఆ పిల్ల తలెత్తింది. "మావయ్యా, అడిగేదీ మీరే, చెప్పేదీ మీరే. మధ్యలో నేనెందుకు?"

ఆయన ముఖం మాడిపోయింది. పిల్లకి పొగరు అనుకుంటూ ఇంటికొచ్చాడు. మర్నాడు సెలూన్లో ఒకాయనకు గడ్డం గీస్తూ అలవాటుగా అడిగాడు: "పిల్లల చదువులెలా ఉన్నాయి సార్? బాగానే ఉండుంటాయిలెండి." కుర్చీలో ఉన్నాయన కళ్ళు మాత్రం తిప్పాడు. దవడ మీద కత్తి ఉండగా ఎవడు నోరు తెరుస్తాడు? మావయ్య చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా నోరు మెదపలేని మనుషుల్ని ప్రశ్నలడిగి, జవాబులు తనే చెప్పుకుంటున్నాడు. అదే అలవాటు ఆ గదిలోకీ మోసుకెళ్ళాడు. నిజంగా సిగ్గుపడ్డాడు.

మరుసటి వారం ప్రశ్న అడిగి నోరు కట్టేసుకున్నాడు. నాలుక ఒకటే దురద. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఎంతసేపటికో పిల్ల గొంతు సవరించుకుంది. "నాలుగు గదులు. కానీ నాలుగూ ఒకే పని చెయ్యవు." మావయ్యకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అయినా కదల్లేదు. అలా వారం వారం ఆ పిల్ల మాట రెండు వాక్యాల నుంచి పేజీ దాకా పెరిగింది.

పరీక్ష రోజు వెనక బెంచీలో కూర్చోనిచ్చారు ఆయన్ని. పిల్ల నల్లబల్ల మీద గుండె బొమ్మ గీసింది. మొదలుపెట్టింది. మధ్యలో ఒకచోట ఆగిపోయింది. జవాబు ఆయన నాలుక చివరే ఉంది. పళ్ళు బిగించి కూర్చున్నాడు.

"ఒంట్లోంచి వచ్చిన రక్తం కుడివైపు పైగదిలోకి..." అని పిల్ల మళ్ళీ అందుకునేసరికి సైన్సు టీచరు జాలిపడి, "కింద గదిలోకి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకి. అంతేగా?" అంది.

"అంతే టీచర్" అంది పిల్ల. "కానీ నన్ను చెప్పనివ్వండి. నాకు వచ్చు."

ముగ్గురు టీచర్లూ పెన్నులు కింద పెట్టేశారు. పిల్ల చివరిదాకా చెప్పింది. అడిగినవాటికీ అడగనివాటికీ కూడా జవాబు చెప్పింది. వెనక బెంచీలో మావయ్య కళ్ళు తుడుచుకున్నాడు. కన్నకూతురు గెలిచినా ఇంతకంటే గర్వపడడు.

పై తరగతికి పంపుతున్నామని హెడ్మిస్ట్రెస్ చెప్పగానే ఇద్దరూ ఆసుపత్రికి బయల్దేరారు. దారంతా పిల్ల మాట్లాడుతూనే ఉంది, మావయ్య ఊ కొడుతూనే ఉన్నాడు. గేటు దగ్గర తల్లి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. కూతురి వంక చూడకుండా తిన్నగా ఆయన్నే అడిగింది.

"ఏమైంది అన్నయ్యా?"

"నన్నడుగుతావేంటమ్మా" అని మావయ్య ఓ అడుగు వెనక్కి వేశాడు. "దాన్నడుగు."