ఎప్పటికప్పుడు కొత్త సూదే!

మొన్న భేస్తాన్ బస్తీల నా పరువు ఎట్ల పోయిందో వినుండ్రి! చాయ్ తర్వాత తాగుదురు గని.

నా కొత్త పని తెలుసు గదా? మత్తుసూదులు పొడుచుకునేటోళ్లను కలిసి ఫారం నింపుడు. ఒకరి సూది ఒకరు వాడిండ్రా, పాత సూదే మళ్ల పొడుచుకున్నరా అని అడగాలె. పేరు రాసుకోం, పోలీసులకు చెప్పం. అయినా నిజం ఎవరు చెప్తరు? రెండు వారాల సంది అందరిదీ ఒకటే మాట, "దీదీ, హర్ బార్ నయీ!" ఎప్పటికప్పుడు కొత్తదేనట!

మా సార్ ఆ ఫారాలు చూసి తల పట్టుకున్నడు. "పద్మాబేన్, యే సబ్ సాధు హై క్యా?" ఈ వారం గూడ గిట్లనే తెస్తే ఆఫీసుల కంప్యూటర్ ముంగట కూసోబెడ్తడట! నాకేమో బయట తిరుగుడంటే పాణం.

మొన్న మన సిరిసిల్ల దిక్కాయన దొరికిండు, ఇక్కడ బట్ట నేసే సాంచెల మీద పనిచేస్తడు. మన మాట మాట్లాడేటోడు! నేను మస్తు ఖుష్. ఆయన గదిల కూసోని సూది సంగతి అడిగిన.

"ఎప్పటికప్పుడు కొత్తదే అక్కా" అనుకుంట కిటికీ దిక్కు చూసిండు. ఏం చేస్త, రాసుకున్న.

గంతల అన్నం టైమైంది. నాకు షుగరు గదా, ముందుగాల ఇన్సులిన్ తీసుకోవాలె. జర పక్కకు తిరిగి ఆ మందు పెన్ను తీసి కడుపుల పొడుచుకున్న. "స్స్!" అన్న. గంతే!

"అక్కా, ఆ సూది ఎన్ని రోజులది?"

"ఎప్పటికప్పుడు కొత్తదే తమ్మీ!"

నోట్లకెళ్లి అట్లనే ఊడిపడ్డది! నేను గూడ కిటికీ దిక్కే చూసిన!

"కొత్తదైతే గట్ల స్స్ అంటవా? ఎవలికి చెప్తున్నవ్ అక్కా, నాకా?"

నా చెవులు కాలిపోయినయ్. "పదిహేను రోజులైంది" అన్న మెల్లగ. కొత్త సూదుల డబ్బా ఇంట్లనే ఉన్నది, మార్చనీకి బద్ధకం! చప్పట్లు కొట్టి నవ్విండు, నేను గూడ నవ్విన. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి, "గిట్ల గడ్డలు కడ్తయ్ అక్కా, చూడు" అన్నడు. నా నవ్వు ఆగిపోయింది. పాపం, చెయ్యంత వాచి ఉన్నది.

"ఆ ఫారం చింపెయ్యి. కొత్తది తియ్యి, ఇప్పుడు నిజం చెప్త."

గంటసేపు చెప్పిండు! అటెన్క నేనే ఎంట ఉండి డాక్టరుకు ఆ చెయ్యి చూపిచ్చిన.

సార్ ఫారం చూసి కుర్చీల నుంచి లేచిండు! "పద్మాబేన్, ఇత్నా సచ్! కైసే నికాలా?" ఇంత నిజం ఎట్ల రాబట్టిన్నని!

"ట్రైనింగ్ల మీరు నేర్పినట్లే అడిగిన సార్!" అన్న, ఛాతీ పొంగించి.

చూడుండ్రి, నా అసొంటిదాన్ని పట్టుకొని ఊరోళ్ల నిజాలు రాసుకరమ్మని పంపుతున్నరు!