మౌన దినాల్లో నేను రాసిన పేరు

నాకు రాయడం అలవాటు లేదు. ఐదో తరగతి దాకే చదివాను. ఉత్తరాలు, బడి హాజరు, చర్చి రిజిస్టరు తప్ప ఎన్నడూ ఏమీ రాయలేదు. మాటలు ముందువి వెనక్కి వస్తాయి, ఒత్తులు జారిపోతాయి. చేతిరాత కూడా బాగుండదు. ఇంత చెప్పుకుని మొదలుపెడుతున్నాను.

మద్రాసు రాజధాని రోజుల్లో గిద్దలూరు దగ్గరి ఇంగ్లాండు మిషను వాళ్ళ క్రైస్తవ వేదాంత పాఠశాలలో నన్ను ఉపదేశుల తరగతికి తీసుకున్నారు. హైస్కూలు చదివి చర్చి గురువులయ్యేవాళ్ళది పై తరగతి. మాది కింది తరగతి. మూడేళ్ళు చదివితే ఒక పల్లెకు ఉపదేశిగా వేస్తారు. ఉపదేశి ఆదివారం ఆరాధన నడపాలి, మిగతా రోజుల్లో పిల్లలకు బడి చెప్పాలి. నేను చెప్పేది మూడో ఏడు, ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలంలో జరిగింది.

పోస్టింగులు ఇచ్చే ముందు మూడు రోజులు మౌనం ఉండాలి. గంట కొట్టాక ప్రార్థనలో తప్ప నోరు విప్పకూడదు. చీటీ రాసినా మాట కిందే లెక్క. అన్నం దగ్గర కూడా సైగలే. తప్పినవాళ్ళ పేర్లు రాయడానికి ఒక విద్యార్థిని మానిటరుగా పెడతారు. ఒకసారి పేరు పడితే మందలింపు. రెండోసారి పడితే ఆ ఏడు పోస్టింగు ఉండదు. ఆసారి నోటుబుక్కు, పెన్సిలు నాకిచ్చారు. అంత పెద్ద పని నాకెవరూ అంతకుముందు అప్పజెప్పలేదు.

దొనకొండ వైపు నుంచి వచ్చిన యేసుదాసుది నా పక్క మంచం. చుట్టరికం లేకపోయినా బావా అని పిలుచుకునేవాళ్ళం. అతని భార్య, పసిబిడ్డ పుట్టింట్లో ఉన్నారు. పోస్టింగు రాగానే వాళ్ళను తెచ్చుకోవాలని రోజులు లెక్కపెడుతున్నాడు. మొదటి రోజు మధ్యాహ్నం పళ్ళెంలో సంగటి చూసి ఆగలేకపోయాడు.

"బావా, ఈ ముద్దలతో గోడ కట్టొచ్చు గదరా!" అన్నాడు.

అందరూ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, అతని పేరు రాశాను. అతను ఇంక తల ఎత్తలేదు.

రెండో రోజు ఉదయం బైబిళ్ళు పట్టుకుని ఆవరణలో తలా ఒక చోట కూర్చున్నాం. యేసుదాసు కంచె పక్క రాళ్ళకుప్ప దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి గబగబా నా దగ్గరికి వచ్చాడు. కుడి చేతికి తువ్వాలు చుట్టి ఉంది. నోరు తెరిచాడు. నా పెన్సిలు చూశాడు. నోరు మూసుకున్నాడు. ఎడమ చేతి రెండు వేళ్ళు వంచి చూపించాడు. రెండు తుమ్మముళ్ళు గుచ్చుకున్నాయనుకుని, పోయి కడుక్కోమని సైగ చేశాను. ప్రిన్సిపాలు దొరగారు చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నారు. అతను ఆ తలుపు దాకా పోయి, నిలబడి, వెనక్కి వచ్చేశాడు.

మధ్యాహ్నం ఎడమ చేత్తో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. చిగుళ్ళ మీద రక్తం కనిపించింది. వేపపుల్లతో గట్టిగా తోముకున్నాడని అనుకున్నాను.

వంట చేసే మరియమ్మ పెద్దమ్మకు మా మౌనం లేదు. నీళ్ళు పోయడానికి వచ్చి ఆమె యేసుదాసు చేతి తువ్వాలు లాగింది.

"ఓర్నాయనో! చెయ్యి చూడండ్రా, ఎట్ల ఉబ్బిందో! ఏం కరిచిందిరా నాయనా?"

"రక్తపింజర, పెద్దమ్మా. పొద్దున. చిన్నదే గదా, ఓర్చుకుందామనుకున్నా."

"పొద్దున కరిస్తే ఇప్పటిదాకా ఏంది? ఇంతమంది కూసోని తింటా ఉండారే, ఒక్కడికీ నోరు లేకపాయనా?"

అతను చూపించిన రెండు వేళ్ళు పాము కోరలని, చిగుళ్ళ రక్తం విషం వల్లనని అప్పుడు తెలిసింది. పెద్దమ్మ అరుపుకు దొరగారు చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చారు. బండి కట్టండని ఆయన పెట్టిన కేక రోడ్డు దాకా వినిపించి ఉంటుంది. యేసుదాసును బండిలో స్టేషనుకు, అక్కణ్ణుంచి రైల్లో ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణం దక్కింది. కుడి చేతి రెండు వేళ్ళు తీసేశారు.

మరునాడు దొరగారు నన్ను పిలిచి నోటుబుక్కు అడిగారు. ఇచ్చాను. ఆయన ఒక పేజీ దగ్గర ఆగిపోయారు. నేనూ వంగి చూశాను. నా రాతే. "యేసుదాసు. మాట్లాడినాడు. రెండోసారి."

మరియమ్మ పెద్దమ్మ అడిగినదానికి అతను జవాబు చెప్పినప్పుడు నా చెయ్యి రాసేసింది. రాసినట్టు నాకు జ్ఞాపకమే లేదు.

దొరగారు తిట్టలేదు. ఆయన తెలుగు పుస్తకాల తెలుగు. "నేను కూడా కేకలు వేసితిని గదా. నా పేరు ఎందుకు వ్రాయలేదు?" అని అడిగారు.

ఆ ఏడు నాకు పోస్టింగు ఆపారు. ఆపమని నేనే అడిగాను. ఆసుపత్రిలో యేసుదాసు పక్కన ఉండి అతనికి అన్నం కలిపి తినిపించాను. మేమిద్దరం ఆ మరుసటి ఏడు పల్లెలకు పోయాం. తర్వాత ఉపదేశుల మీటింగులో ఎప్పుడు కనిపించినా, "రాసుకోరా బావా, మాట్లాడుతుండా!" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఉపదేశిగా ఉన్నన్నాళ్ళూ బడిలో హాజరు, చర్చిలో రిజిస్టరు నేనే రాశాను. పేరు పిలిచి, ఎదుటి మనిషి మొహం చూసి, ఆ తర్వాతే పెన్సిలు తీశాను. శ్రమకాలంలో మౌనం పెట్టినప్పుడు, బాధ కలిగితే అరవమని ముందే చెప్పాను. నేను నేర్చుకున్నది ఇంతే. దాని ఖరీదు రెండు వేళ్ళు, అవి నావి కావు.

చదివినవాళ్ళు నా అక్షరాల తప్పులు దిద్దుకుని చదువుకోండి. వాటికి మాత్రం నన్ను మన్నించండి.