రెండణాల గెలుపు

నాకు ఇరవై ఏళ్లున్న రోజుల్లో నేను ప్రొఫెషనల్ టెన్నిస్ ప్లేయర్‌ని. (నవ్వేవాళ్లు నవ్వుకోండి, నేను ఆగుతాను.) రెండేళ్లలో పద్నాలుగు మ్యాచ్‌లు ఆడి, పదమూడు ఓడి, ఒకటి గెలిచాను. ఆ ఘనత అంతా నా ఫోటోతో సహా ఇప్పటికీ ఇంటర్నెట్‌లో భద్రంగా ఉంది. తీసేయమని ఎవరిని అడగాలో తెలియదు.

ఆ ఒక్క గెలుపునే నమ్ముకుని అనంతపురంలో ఒక ఆఫీసులో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. కనీసం ఒక మ్యాచ్ గెలిచి ఉండాలన్నది వాళ్ల షరతు. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది కాబట్టి ఫారం నింపే పని కంబదూరులో వేరుశనగ పండించే మా నాయనకు అప్పగించి ప్రాక్టీసుకు పోయాను. మావైపు రైతులు పంటను అణాల్లో చెప్పుకుంటారు. నిండుగా పండితే పదహారణాలు, సగం పండితే ఎనిమిదణాలు. నాయన 'ఫలితం' అన్న గడిలో నా పద్నాలుగు మ్యాచ్‌లకూ అణాలు వేసి, కవరు అంటించి, పోస్టు చేసి వచ్చాడు.

ఇంటర్వ్యూలో ఆఫీసరు ఆ కాగితాన్ని ఇంటర్నెట్‌లో ఉన్న నా రికార్డు పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "ఏమమ్మా, ఓడిపోయిన ఈ మ్యాచ్‌కి పన్నెండణాలు, గెలిచినదానికి రెండణాలా? ఇదేం లెక్క?"

ఫారం నింపింది మా నాయన అని చెప్పాను. తోడొచ్చి బయట బెంచీ మీద కూర్చున్న నాయనను పిలిపించారు.

"ఆ పొద్దు ఎదురు పిల్లకి కాలు మడతబడి ఆట ఇడిసిపెట్టి పోయింది సార్," అన్నాడు నాయన. "మా పాప ఆడింది రెండు గేములే. దాన్ని గెలుపని ఎట్ల రాసేది?"

"అట్లయితే గెలుపే లేదు కదప్పా," అని ఆఫీసరు ఫారం పక్కన పెట్టేశాడు. ఉద్యోగం వేరే అమ్మాయికి పోయింది.

బస్టాండులో కోపంతో ఏడ్చేశాను. "ఉన్నది ఒకటే గెలుపు నాయనా! దాన్నీ పోగొట్టినావు."

ఆయన వేయించిన శెనక్కాయల పొట్లం నా చేతిలో పెట్టాడు. "ఆ పన్నెండణాల ఆట నేను చూసినా కదమ్మా. మూడు గంటలు ఎండలో కొట్లాడినావు. అది రాసినా గదా!"

వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు అనంతపురంలోనే పిల్లలకు టెన్నిస్ నేర్పిస్తున్నాను. ఆడి వచ్చిన ప్రతి పిల్లనూ "ఎన్నణాలు?" అని అడగడం నాకు అలవాటైపోయింది. మొన్న ఒక పాప, ఎదుటి అమ్మాయి రాకపోవడంతో ఆడకుండానే గెలిచి వచ్చింది. అడిగితే కాసేపు ఆలోచించి, "ఒకణా మేడం" అంది. వెంటనే నాయనకు ఫోన్ చేసి చెప్పాను.

"అయితే ఆ పాపకీ ఆఫీసులో ఉద్యోగం రాదులే," అన్నాడు.

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ వారం రోజులు మూతి ముడుచుకుని తిరిగిన ఇరవై ఏళ్ల పిల్ల గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.