గెలిచినవాళ్లే వడ్డించాలి

ఆ బుధవారం పొద్దున మా చిన్నాయన ఎప్పటిలాగే లేచారు. ప్రొద్దుటూరులో మా అరుగు మీద కూర్చుని బైబిలు చదువుకున్నారు. ఉగ్గానిలో పచ్చిమిరపకాయలు ఏరి పక్కన పెట్టారు. "ఇంకొంచెం పప్పుల పొడి ఎయ్యి పాపా" అన్నారు. నేను పొడి తెచ్చేలోపు గోడకు తల ఆనించి ఉన్నారు, ఊపిరి లేదు. అంతే.

జమ్మలమడుగులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యారాయన. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీతో చేయించిన సంధి గురించి చెప్పేటప్పుడు పుస్తకం మూసేసేవారు. "తప్పంతా నీదేనని రాయిచ్చుకున్యారు. నేల లాక్కున్యారు. పరిహారం కట్టమన్యారు. రెండో యుద్ధానికి అదొక్కటే కారణం కాదులే. కానీ ఆ అవమానం చూపిచ్చి జనాన్ని రేపేవాడు ఒకడు రాకుండా ఉంటాడా?" అనేవారు.

ఊళ్లలో తగాదా ఎవరో ఒకరి వైపు తెగితే రాజీకి ఆయన్ను పిలిచేవాళ్లు. ఆయనది ఒకటే షరతు. గెలిచినవాళ్లే వండి, ఓడినవాళ్లకు తమ చేత్తో వడ్డించాలి. పులివెందుల దగ్గర ఒకాయన గరిటె పట్టుకుని సణిగాడు.

"ఏంది సార్, గెలిచింది మేము. పెండ్లికొడుకులు వాండ్లా?"

"ఔనప్పా. పప్పు మింద నెయ్యి యాడ?"

ముందు నవ్వింది ఓడినవాళ్లే.

ఇప్పుడు ఆ వంతు మాకొచ్చింది. దువ్వూరు పొలంలో కాలువ నీళ్ల గొడవలో మా తమ్ముళ్లు దాయాదుల మీద గెలిచారు. ఆదివారం రాజీ. దాయాదులు చెప్పులు చేతపట్టుకుని ఊరి ముందు నిలబడాలి, మా చేలోంచి వాళ్ల బండి దారి మూసేయాలి. ఇదీ తమ్ముళ్ల పట్టు. వాళ్లను ఆపగలిగిన చిన్నాయన ఇక లేరు.

గురువారం సమాధి దగ్గర దాయాదుల పెద్దకొడుకు పిడికెడు మట్టి వేసి, తల వంచుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచి ప్రార్థనలో నాకు మాటలు రావడం లేదు.

ఆ సాయంత్రం అందరం కూర్చున్నాం.

"మెత్తబడితే నెత్తికెక్కుతారు అక్కా" అన్నాడు చిన్న తమ్ముడు.

"తలొంచుకున్నోడు ఏం చూస్తాంటాడో తెల్సునారా? నీ కాళ్లు, ఎప్పుడు లాగుదామా అని" అన్నాను.

చివరికి చెప్పుల మాట వదిలేయాలనీ, బండి పట్టేంత దారి ఉంచాలనీ తమ్ముళ్లు తేల్చారు. అక్కడ గేటు మాత్రం పెడతారట. తాళంచెవి చిన్న తమ్ముడి దగ్గర ఉంటుంది.