తిరిగి పెట్టిన రాయి

కంబదూరు దగ్గర ఆ వేరుశనగ చేనులో మేం ముగ్గురం ఉన్నాం: ఖనిజాలు వెతికే మా సీనియర్ జియాలజిస్టు, కొలతలు తీసే నేను, చేను గల రైతు. జీపు, సుత్తి, జీపీఎస్, సగం ఖాళీ అయిన నీళ్ల క్యాను కూడా ఉన్నాయి.

మా సీనియర్ ఏ రాయినైనా పగలగొట్టి, నాలుకతో తడిపి, భూతద్దంలో చూసి, భుజం మీదుగా వెనక్కి విసిరేసేవారు. ఏముందని ఎవరడిగినా "మామూలు రాయే" అనేవారు. ఆ మాటను నేనెప్పుడూ పూర్తిగా నమ్మలేదు. ఆ చేనులో పగలగొట్టి చూసిన పలుగురాయిని మాత్రం ఆయన విసరలేదు. వంగి, తీసిన చోటే బోర్లా పెట్టారు.

రైతు అది చూశాడు. "ఏం సార్, దీన్ని పారెయ్యలేదే? ఏమన్నా ఉండాదా?"

"మామూలు రాయే."

"అట్లయితే ఈడ బోరు ఏపించుకుంటా. అప్పు గూడా మాట్లాడినా."

ఎవరికీ సలహా ఇవ్వని మనిషి ఆరోజు ఇచ్చారు. "ఈ ఏడాది ఆగండి, పెద్దాయనా."

"యాల సార్? నీళ్లు లేవా, లేకుంటే నాకు చేనే ఉండదా?"

ఆయన భూతద్దం తుడుచుకుంటూ జీపెక్కారు. రోడ్డెక్కాక, నా వైపు చూడకుండా అడిగారు. "ఆ చేను మొత్తం ఎంత?"

కొలత చూసి చెప్పాను. మూడెకరాల ఇరవై సెంట్లు.